భీమిలి ఎర్రమట్టి దిబ్బల డాగ్ ట్రెక్: డబ్బు కట్టకముందే చదవండి

పెట్స్‌తో ఎర్రమట్టి దిబ్బలకి రమ్మని ఇన్‌స్టాలో రీల్స్ పెట్టే ఆ పేజీ విశాఖలో కుక్కలున్న వాళ్లందరికీ తెలిసిందే. మొన్న ఆదివారం మా జూలీతో వెళ్లాం. మనిషికి 900, కుక్కకి 400, ముందే ఫోన్‌పే చేయించుకున్నారు. ఐదున్నరకి నడక మొదలుపెట్టి ఎనిమిదికల్లా సరుగుడు తోట నీడలోకి వచ్చేస్తాం, కుక్కలకి నీళ్లు మావే అన్నారు. 2014లో భూవారసత్వ స్థలంగా, అంటే నేల చరిత్ర కోసం కాపాడుకోవాల్సిన చోటుగా, గుర్తింపు వచ్చింది కదా, ఆ చరిత్రంతా చెబుతామన్నారు. ఒక్క ముక్క చెప్పలేదు. ఇసుక రేణువులకి పట్టిన ఇనుము ఆక్సైడ్ వల్లే ఆ ఎరుపని మా తమ్ముడే చెప్పాడు.

వాళ్ల వ్యాన్ ఆలస్యంగా రావడంతో నడక మొదలయ్యేసరికే ఎనిమిదిన్నర. వాన నీళ్లు కోసేసిన ఆ దారుల్లో రెండు పక్కలా మనిషిని మించిన మట్టి గోడలు. సముద్రం అంత దగ్గరున్నా గాలి లేదు. పదింటికి జూలీ ఒక్కో కాలూ మార్చి మార్చి ఎత్తడం మొదలుపెట్టింది. తర్వాత నా నీడలోకి వచ్చి కూలబడిపోయింది. కాలు తిప్పి చూస్తే అరికాలి మెత్త అంచున తోలు లేచిపోయి, లోపల గులాబీ రంగు మాంసం, దానికి అంటుకున్న ఎర్ర ఇసుక.

నీళ్లడిగితే వ్యాన్‌లో ఉండిపోయాయన్నాడు గైడ్. ఐదు నిమిషాలు ఆగమన్నాను. వీడియో తీస్తున్న ఫోన్ కూడా దించకుండా, "కుక్కే కదా మేడమ్, అదే లేస్తుంది. మీ ఒక్కరి కోసం బ్యాచ్‌ని ఆపలేను" అని ముందుకెళ్లిపోయాడు. ఆ మాట ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది. కుక్క పేరు చెప్పి 400 తీసుకున్నది వీళ్లే కదా!

ఎవరో కాలేజీ అమ్మాయి తన సీసాలో సగం నీళ్లు పోసింది. చున్నీ జోలెలా పట్టుకుని తమ్ముడూ నేనూ జూలీని రోడ్డు దాకా మోశాం. పది రోజులు నడిపించొద్దన్నారు డాక్టర్. డబ్బు వెనక్కివ్వమంటే "ట్రెక్ అయిపోయింది కదండీ" అని మెసేజ్ పెట్టి బ్లాక్ చేశారు.

తప్పు నాదీ ఉంది. ఆలస్యమైనప్పుడే వెనక్కి తిరగాల్సింది. నాకు బూట్లున్నాయి, దాని కాళ్ల కింద ఎంత కాలుతోందో ఒక్కసారైనా చెయ్యి పెట్టి చూడలేదు.

అరచేతి వెనక భాగాన్ని ఇసుక మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్కని దింపకండి. నీళ్లు మీరే పట్టుకెళ్లండి. ఈ ఆదివారానికి వాళ్ల దగ్గర బుక్ చేసుకున్నవాళ్లు ఇవాళే క్యాన్సిల్ చేసుకోండి.