మొదటిసారి నిలబడేవాళ్లకు సర్పంచా, ఎమ్మెల్యేనా?

మా పాలమూరు పిల్లలు రాజకీయాల్లోకి వస్తామంటే నాకు సంతోషమే. మొదటి అడుగు ఎక్కడ వేయాలన్నదే ప్రశ్న.

ఎమ్మెల్యేగా నిలబడాలంటే 25 ఏండ్లు నిండాలి. డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 5 వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ పైసలు పోయినట్టే. 2023లో కొల్లాపూర్‌లో, నిరుద్యోగం మీద బర్రెలతో తీసిన వీడియోతో పేరొచ్చిన బర్రెలక్క శిరీష ఇండిపెండెంట్‌గా నిలబడితే రాష్ట్రమంతా ఆమె వీడియోలే చూసింది. ఓట్లు మాత్రం 5 వేల పైచిలుకే, గెలిచింది జూపల్లి కృష్ణారావు. ఫోన్లో మెచ్చుకున్నవాళ్లందరికీ కొల్లాపూర్‌లో ఓటు ఉండదు కదా! అయినా ఆమె నిలబడటం తప్పని నేననను. నిరుద్యోగుల గోడు గట్టిగా వినిపించింది.

సర్పంచ్‌కి 21 ఏండ్లు చాలు, పార్టీ గుర్తు ఉండదు. ఓటేసేది మనల్ని చిన్నప్పటి నుంచి చూసినవాళ్లే. కానీ కింద పడితే దెబ్బ ఇక్కడే గట్టిగా తగులుతుంది. మా పక్కూరి తమ్ముడొకడు గెలిచిన కొత్తలో మోరీలు తీయించాడు, అప్పు తెచ్చి సీసీ రోడ్డు వేయించాడు. బిల్లు రాలేదు. పంచాయతీ చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి, ఆయనేమో అలిగి కూర్చున్నాడు. మిత్తి పెరిగి భార్య పుస్తెలతాడు కుదువకు పోయింది. నిన్నటిదాకా 'సర్పంచ్ సాబ్' అన్నవాళ్లే హోటల్ దగ్గర మొహం తిప్పుకున్నారు.

అయినా నన్నడిగితే సర్పంచే మేలు. ఆ రోడ్డు మీద ఇప్పటికీ బడిపిల్లల సైకిళ్లు పోతున్నాయి. అయితే ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు మెంబర్లు, నామినేషన్‌కు ముందే వాళ్లతో కూర్చుని మాట్లాడుకోండి. పనులకు మాత్రం అప్పు తేకండి.