యొహానిస్‌బెర్గ్: ఆలస్యంగా వచ్చిన ఉత్తరం, మేం అందుకోలేని బస్సు

"దక్షిణాఫ్రికా ఎందుకురా ఇప్పుడు?" అని బాబాయి ఫోను. అది జోహానెస్‌బర్గ్, ఇది జర్మనీలో రైన్ నది పక్క పల్లె యొహానిస్‌బెర్గ్, అక్కడి వైన్ కోట చూడ్డానికి వెళ్తున్నాం అని విడమర్చి చెప్పేసరికి గైజెన్‌హైమ్ స్టేషన్ వచ్చేసింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గంట పైచిలుకు. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెలవారీ పాస్) ఉంటే వేరే ఖర్చు లేదు. స్టేషన్ నుంచి సుమారు మూడు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. ఆదివారం పూట బస్సు కోసం చూసి చూసి చివరికి నడిచాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు టైమింగ్స్ ముందే చూసుకోండి, నాలాగా తిట్లు తినకండి.

కోట అన్నారు కదా అని బురుజులు, కందకాలు ఊహించుకోవద్దు. పసుపు గోడల పెద్ద దివాణం, అంతే. ఒకప్పుడు సన్యాసుల మఠం. ఫుల్దా అనే ఊరి మఠాధిపతి 1716లో కొని, 1720లో తెల్ల వైన్ చేసే రీస్లింగ్ రకం ద్రాక్ష నాటించాడు. 1816లో ఆస్ట్రియా చక్రవర్తి దీన్ని మంత్రి మెట్టర్నిక్‌కు ఇచ్చాడు, దిగుబడిలో పదోవంతు తన వంశానికి చెల్లించాలన్న షరతుతో. ఇది చెప్పగానే మా నాన్న, "ఇనాం భూమే, శిస్తు మాత్రం తప్పలేదు" అన్నారు.

ఆయనకు బాగా నచ్చింది మాత్రం ఆవరణలోని గుర్రపు రౌతు విగ్రహం. కోత మొదలుపెట్టాలంటే ఫుల్దా నుంచి అనుమతి పత్రం రావాలి. 1775లో అది తెచ్చే మనిషి ఆలస్యంగా వచ్చాడు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే తలా ఒక కథ చెబుతారు. ఈలోగా కాయలకు బూజు పట్టింది. గత్యంతరం లేక వాటినే పిండితే వైన్ అద్భుతంగా కుదిరింది. ఆ బూజు తొక్కకు సన్నటి చిల్లులు పెట్టి నీటిని ఆవిరి చేస్తుందట, లోపల తీపి చిక్కబడుతుంది. ఆలస్యపు కోత అనే అర్థంలో దానికి స్పేట్‌లేజె అని పేరు. "తడిసిన మిరపకు మాకు ఏ గుర్రమూ రాలేదు" అన్నారు నాన్న. గుంటూరు మనిషి మరి.

ఆవరణ, నదివైపు తోటలు చూడటానికి డబ్బులేం అడగలేదు. నేలమాళిగ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి, మేం చేసుకోలేదు. సీసా మూతి లక్క రంగును బట్టి రకం తెలుస్తుంది. నేను ఆకుపచ్చ లక్క స్పేట్‌లేజె ఒక గ్లాసు తీసుకున్నా. మొదట తీపి, మింగాక మామిడికాయ పులుపు. అమ్మకు ద్రాక్షరసం.

బస మాత్రం పొరపాటు చేశా. పేరున్న ఊరని పక్కనే రూడెస్‌హైమ్‌లో రూమ్ తీసుకుంటే లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు, కింద అర్ధరాత్రి దాకా పాటలు. మళ్లీ వెళ్తే గైజెన్‌హైమ్‌లోనే దిగుతా.

భోజనానికి దివాణం రెస్టారెంట్ కన్నా ద్రాక్ష రైతులు తమ ఇంటి దగ్గరే ఏడాదిలో కొన్నాళ్లపాటు నడిపే చిన్న వైన్ హోటల్, స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్, మేలు. స్పుండెకేస్ అడగండి. గడ్డపెరుగులో ఉల్లిపాయ, కాస్త కారం కలిపినట్టుంటుంది, ప్రెట్జెల్‌తో నంజుకోవాలి. అమ్మ రెండోసారి అడిగి మరీ తింది. మేం వెళ్లిన చోట కార్డు తీసుకోలేదు, చిల్లర ఏరి ఇచ్చాం.

తిరిగి కొండ దిగుతుంటే బస్సు మా పక్కనుంచే ఖాళీగా వెళ్లింది. అమ్మ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.