చిన్న ప్రైవేట్ యూనివర్సిటీనా, జిల్లాలో చదువా: ఏది మేలు?

హాలియా నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. మా చెల్లెకు ఎంసెట్‌లో ఇరవై ఎనిమిది వేల చిల్లర ర్యాంకు వచ్చింది. (పేరు ఈఏపీసెట్ అయింది గానీ మా ఇళ్లలో ఇంకా ఎంసెటే.) "ర్యాంకు సంగతి తర్వాత బిడ్డా, కాలేజీలకు పిల్లలను చేర్పించే పీఆర్వో ఎవరో ఇంటికి వచ్చి కూసున్నడు. శనివారం లోపల ఇరవై ఐదు వేలు కట్టి సీటు బ్లాక్ చేస్కోమంటున్నడు. ఏం చెయ్యాలె?"

ఆయన తెచ్చిన బ్రోచర్ హైదరాబాద్ శివారులోని ఒక చిన్న ప్రైవేట్ యూనివర్సిటీది. పేరు ఎందుకులే. మా తమ్ముడు అలాంటి దాంట్లోనే నాలుగేళ్లు బీటెక్ చదివి నిరుడు బయటికొచ్చాడు. నేను డిగ్రీ నల్గొండలో, పీజీ ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో చేశాను. రెండు పక్కలా ఇంట్లోనే సాక్షులం ఉన్నాం. అది చాలదని తమ్ముడి దోస్తులను, దేవరకొండ నుంచీ అచ్చంపేట నుంచీ వెళ్లి చదువుతున్న పిల్లలను, నా పాత రూమ్మేట్లను ఒక వారం పాటు ఫోన్లు చేసి అడిగాను.

అడగ్గా అడగ్గా తెలిసిందేమిటంటే, ఎక్కడ చదువుతున్నారన్నదాని కన్నా ఎన్నో ఏడాదిలో ఉన్నారన్నదాన్ని బట్టే జవాబు మారుతోంది. ప్రైవేట్ యూనివర్సిటీలో మొదటి ఏడాది పిల్లవాడు "మస్తుందన్నా, క్లాసుల్లో ఏసీ, వైఫై" అంటాడు. మూడో ఏడాదివాడు "ఆఁ, నడుస్తుంది" అని మాట మారుస్తాడు. ప్రభుత్వ యూనివర్సిటీలో దీనికి తిరగేసి ఉంది. చేరిన కొత్తలో బాత్రూమ్‌ల గురించి తిట్టని వాడు లేడు. బయటికొచ్చి మూడేళ్లయిన వాడు అదే హాస్టల్ గురించి గంటసేపు చెబుతాడు. అందుకే ఎవరి అభిప్రాయమైనా వినే ముందు, నువ్వు ఎన్నో ఏడాది అని అడగడం నేర్చుకున్నాను.

యూనివర్సిటీ అనగానే మనవాళ్లకు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గుర్తొస్తుంది. ప్రైవేట్ యూనివర్సిటీ అన్న మాటకు అంత భవనం అక్కర్లేదు. వీటి కోసం తెలంగాణలో 2018లో చట్టం చేశారు. 2020లో మొదటి విడతగా మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్సార్ అని ఐదింటికి అనుమతి ఇచ్చారు. వాటిలో కొన్ని అంతకుముందు జేఎన్‌టీయూ కింద నడిచిన కాలేజీలే. ఐదింట్లో ఒక్కటీ ఉమ్మడి నల్గొండలో లేదు, పాలమూరులో లేదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఉన్న నర్సీ మోంజీ క్యాంపస్ మరో రకం. అది ముంబైలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి (కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థకు) శాఖ, 1956 నాటి యూజీసీ చట్టం కిందికి వస్తుంది. ప్రభుత్వం వైపు మనకు రెండున్నాయి. నార్కట్‌పల్లి దారిలో అన్నెపర్తి దగ్గర 2007లో పెట్టిన మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఒకటి, మహబూబ్‌నగర్‌లో రాయచూరు రోడ్డు మీద బండమీదిపల్లి దగ్గర 2008లో పెట్టిన పాలమూరు యూనివర్సిటీ ఇంకొకటి. ఇవి కాక, కౌన్సెలింగ్‌లో సీట్లు నింపే మామూలు ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలు ఊరికొకటి ఉన్నాయి. మా చెల్లె ముందున్న అసలు పోటీ ఈ కాలేజీలకూ ఆ బ్రోచర్‌కూ మధ్యే.

మొదట డబ్బు

పీఆర్వో ఫీజు మాట ఎప్పుడూ చివర్లోనే ఎత్తుతాడు. నేను ముందే ఎత్తుతాను.

మా తమ్ముడికి మొదటి ఏడాది ఫీజు రెండు లక్షల ఇరవై వేలు. హాస్టల్, మెస్ కలిపి ఇంకో లక్షా పది. చేరేటప్పుడు ఇంటర్ మార్కులు చూసి నలభై వేలు తగ్గించారు. దాన్నే వాళ్లు స్కాలర్‌షిప్ అన్నారు. మా బాపు దాన్ని సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్ అనుకుని నాలుగేళ్లూ వస్తుందని లెక్క వేసుకున్నాడు. రెండో సెమిస్టర్‌లో వాడికి ఒక సబ్జెక్టు పోయింది. సబ్జెక్టుతో పాటు తగ్గింపూ పోయింది. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఆ షరతు చిన్న అక్షరాల్లో ఉందట, మేమెవరం చదవలేదు. మూడో ఏడాది ఫీజు నేను చిట్టీ ఎత్తి కట్టాను.

కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి సర్కారు ఇచ్చే సీటు, వస్తే లెక్క వేరు. అర్హత ఉన్న బీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం ఫీజు, దాటితే ఏడాదికి 35,000 రూపాయల వరకు సర్కారు రీయింబర్స్‌మెంట్ ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పని లేకుండా మొత్తం ఇస్తుంది. ప్రైవేట్ యూనివర్సిటీ సీటుకు ఇది వర్తించదు. చిన్నమ్మకు ఇది చెప్పగానే అవతల కాసేపు మాట లేదు. పీఆర్వో రెండు గంటలు కూర్చుని చాయ్ తాగి, ఈ ఒక్క ముక్క చెప్పకుండా పోయాడు మరి.

అట్లని రీయింబర్స్‌మెంట్ అంటే టెన్షన్ లేదని కాదు. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతాయి. "సర్కారు నుంచి పైసలు రాలే, మీరు కట్టి సర్టిఫికెట్లు తీస్కపోండి" అని కాలేజీ అంటుంది. నాతో డిగ్రీ చదివిన ఒకతను మెమోల కోసం నాలుగు నెలలు తిరిగాడు. చివరికి అప్పు చేసి కట్టాడు. అయినా ఆ అప్పు ముప్పై ఐదు వేలు. మాది లక్షల్లో.

చిన్న చోట చదవడం అంటే

ఇక్కడ చిన్న ప్రైవేట్ యూనివర్సిటీకి దక్కాల్సిన మంచిమాట దక్కాలి. మా తమ్ముడి క్లాసులో నలభై రెండు మంది. ప్రతి సారుకూ వీడి పేరు తెలుసు. వీడికి సి లాంగ్వేజ్‌లో పాయింటర్లు అర్థం కాకపోతే, ఒక మేడమ్ వరుసగా మూడు వారాలు మధ్యాహ్నం తిన్నాక కూర్చోబెట్టి చెప్పింది. నా పీజీలో నాలుగు నెలలు క్లాసుకు పోకపోయినా ఎవరూ అడగలేదు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టులు ఎక్కువ, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ సార్ల మీదే చాలా డిపార్ట్‌మెంట్లు నడుస్తాయి. ఒకే మనిషి నాలుగు పేపర్లు చెబుతుంటే నా పేరు గుర్తుపెట్టుకోవాలని ఎట్లా అంటాం?

పరీక్షలూ అంతే. సొంత పరీక్షలు కాబట్టి తమ్ముడికి ఫలితాలు రెండు మూడు వారాల్లో వచ్చేవి. సప్లీ కూడా వెంటనే పెట్టేవాళ్లు. మా పీజీ బ్యాచ్‌కు రెండేళ్ల కోర్సు రెండేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు ఇంట్లో చెప్పుకోలేక నేను పడ్డ తిప్పలు వేరే కథ.

కానీ చిన్న చోటుకు ఇంకో ముఖం ఉంది. అది మూడో ఏడాదిలో కనబడుతుంది. తమ్ముడికి పాయింటర్లు చెప్పిన ఆ మేడమ్ ఏడాది తిరక్కుండానే వేరే కాలేజీకి వెళ్లిపోయింది. డిపార్ట్‌మెంట్‌లో అదే సబ్జెక్టు చెప్పగల రెండో మనిషి లేరు. మిగిలిన సెమిస్టర్ పీపీటీలతో గడిచింది. క్లాసు చిన్నదైతే గొడవ కూడా ఎటూ పోదు. అచ్చంపేట పిల్లవాడు చెప్పాడు: "ఒకడితోని లొల్లి అయిందన్నా. పొద్దున టిఫిన్ కాడ వాడే, ల్యాబుల వాడే, రాత్రి మెస్సుల వాడే. ఇంకో దోస్తు గ్యాంగ్‌లకు పోదామంటే ఇంకో గ్యాంగే లేదు." ఒక సారుతో చెడితే మరీ కష్టం. పేపర్ ఇచ్చేదీ ఆయనే, దిద్దేదీ ఆయనే, ఇంటర్నల్స్ వేసేదీ ఆయనే.

దేవరకొండ అమ్మాయి ఒకామె ఏడాది చదివి మానేసింది. నేను డబ్బులేమో అనుకున్నాను. "ఔట్‌పాస్" అంది ఒక్కమాట. గేటు దాటాలంటే వార్డెన్ సంతకం, నాయినకు ఫోన్, నాయిన ఒప్పుకున్నట్టు మెసేజ్. ఆయన పొలంలో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఆ ఆదివారం అంతే. బతుకమ్మకు ఒక రోజు ముందు పంపమంటే అటెండెన్స్ కట్ అన్నారట. ఇప్పుడు నల్గొండలో డిగ్రీ చదువుతోంది. రోజూ ఊరి నుంచి బస్సులో వస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమయ్యాక హాస్టల్ అవసరమే లేకుండా పోయిందని ఆమె లెక్క. ఈ మాట నాకు చాలా పనికొచ్చింది. ఆడపిల్ల చదువు అనగానే మన ఇళ్లలో హాస్టల్ ఖర్చు, భయం రెండూ కలిపి చూస్తారు కదా. ఆధార్ కార్డుతో ఆ ఖర్చు సగం తీరిపోయింది. కాకపోతే ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున ఎనిమిదిన్నరకు నిలబడే చోటు దొరకదు, అదీ నిజం.

మెస్ గురించి అందరూ మాట్లాడారు, కొత్తగా ఎవరూ ఏమీ చెప్పలేదు. అన్ని చోట్లా పప్పు నీళ్లే.

ప్రభుత్వ యూనివర్సిటీ గురించి నా పాత రూమ్మేట్లు చెప్పినదాంట్లో నాకు నచ్చింది రీడింగ్ హాల్ సంగతి. మాతో పీజీ చేస్తున్నవాళ్లలో సగం మంది గ్రూప్స్‌కో, జూనియర్ లెక్చరర్ పోస్టుకో చదివేవాళ్లు. రాత్రి పన్నెండుకు కూడా కుర్చీ ఖాళీ ఉండేది కాదు. పక్కనున్న వాడు ఇండియన్ పాలిటీ బట్టీ కొడుతుంటే మనకూ ఫోన్ పక్కన పెట్టాలనిపిస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఆ ఒత్తిడి పని చేస్తుంది. ధర్నాలుండేవి, క్లాసులు బంద్ అయ్యేవి, కానీ నాలుగు రకాల మనుషులు, నాలుగు ఊళ్ల యాసలు ఉండేవి. తమ్ముడి క్యాంపస్‌లో వేరే రాష్ట్రాల పిల్లలు బాగానే ఉన్నారు, వాడికి హిందీ వచ్చింది, ఇంగ్లిష్‌లో తడబడకుండా మాట్లాడటం వచ్చింది. ఇంటర్వ్యూలో అది పనికొచ్చిందని వాడే ఒప్పుకుంటాడు. నేను ఇప్పటికీ ఇంగ్లిష్‌లో ఫోన్ వస్తే బయటికి నడుస్తాను.

ప్లేస్‌మెంట్ల బోర్డు

గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ఉండే పెద్ద ప్యాకేజీ ఒక్క పిల్లవాడిది. మన పిల్లలు ఆ ఒక్కడు అవుతారా అన్నది ఎవరూ చెప్పలేరు. అడగాల్సినవి వేరే. నిరుడు ఈ బ్రాంచిలో ఎంతమంది చివరి ఏడాది చదివారు, ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది, అందులో ఎంతమంది నిజంగా జాయిన్ అయ్యారు, మధ్యలో ఉన్నవాడి జీతం ఎంత. చిన్న యూనివర్సిటీకి ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. నలభై మంది కోసం కంపెనీ వాళ్లు ప్రత్యేకంగా రారు. పూల్ డ్రైవ్ పేరుతో వేరే కాలేజీకి బస్సెక్కించి పంపుతారు. అక్కడికి పోయాక నువ్వు కట్టిన రెండు లక్షలకూ, పక్క కుర్చీలో ఉన్నవాడు కట్టిన యాభై వేలకూ తేడా ఉండదు. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది అట్లాంటి డ్రైవ్‌లోనే. వాడితో పాటు సెలెక్ట్ అయిన ఇద్దరు కౌన్సెలింగ్ సీటులో చదివినవాళ్లు.

బీఎస్సీ అగ్రికల్చర్ కోసం ప్రైవేట్ యూనివర్సిటీకి వెళ్లే పిల్లలు మన దిక్కు ఎక్కువ. పొలం ఉన్న ఇళ్లు కదా. వాళ్లకు ఒక్క మాట. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఆ కోర్సుకు ఉందా అని కాగితం చూపించమనండి. అది లేకపోతే తర్వాత వ్యవసాయ యూనివర్సిటీలో పీజీకి పోదామన్నప్పుడు తలుపు దగ్గరే ఆపేస్తారు. "వచ్చే ఏడాది వస్తది" అన్న మాటకు విలువ లేదు.

మరి చెల్లెకు ఏం చెప్పాను

డిగ్రీ, పీజీ అయితే నేను రెండో ఆలోచన లేకుండా జిల్లాలోనే అంటాను. నల్గొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీ, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ లాంటివి ఉండగా బీకామ్‌కు లక్షలు పోయడం నాకు మింగుడుపడదు. బీటెక్ దగ్గరే కాస్త తూచాలి. పిల్ల తనంతట తాను కూర్చుని చదివే రకమైతే కౌన్సెలింగ్ సీటు చాలు. ఎవరైనా వెనక ఉండి అడుగుతుంటే తప్ప కదలని పిల్లలుంటారు, మా తమ్ముడు అసలుసిసలు ఆ రకం. నేను చదివిన చోట వాడిని వేస్తే మొదటి ఏడాదే పోయేవాడు, ఇది నేను వాడి ముందే అంటాను. అలాంటి వాళ్లకు చిన్న ప్రైవేట్ యూనివర్సిటీ పనికొస్తుంది, నాలుగేళ్ల ఫీజు ఏ తగ్గింపూ లేకుండా లెక్క వేసి, భూమి ముట్టుకోకుండా కట్టగలిగితేనే. మొదటి ఏడాది కట్టగలగడం పెద్ద విషయం కాదు. అందరం కడతాం.

చెల్లె రాత్రి తమ్ముడికి ఫోన్ చేసింది. క్యాంపస్ ఎట్లుంటది, ఫెస్టులు ఎట్లుంటయి అని అడుగుతుందనుకున్నాను. "అన్నా, నీ మూడో ఏడాది ఫీజు ఎవరు కట్టిన్రు?" అని అడిగింది. వాడు నా వైపు చూశాడు.

ఇరవై ఐదు వేలు కట్టలేదు. చిన్నమ్మ ఇంట్లో ఇప్పుడు వెబ్ ఆప్షన్ల నోట్‌బుక్ నడుస్తోంది. నల్గొండ చుట్టుపక్కల కాలేజీలు మొదటి పేజీలో, ఇబ్రహీంపట్నం వైపువి రెండో పేజీలో. ఒక్కో కాలేజీ పేరు పక్కన బస్సు టైమ్ రాసుకుంటోంది.