బ్యాచ్ పూర్వ విద్యార్థుల వేదిక: లేఖకు పూర్తి మార్కులు, డైరెక్టరీకి సగమే

విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకుని వెళ్లినవారందరినీ ఒకే గుంపుగా చూడకుండా, ఏ సంవత్సరం వారికి ఆ సంవత్సరం పేరున ఒక బ్యాచ్ వేదికను నడిపే పూర్వ విద్యార్థుల సంఘంలో నేను చాలా ఏళ్లుగా సభ్యుణ్ని. సభ్యుల డైరెక్టరీ, ఏటా వచ్చే బ్యాచ్ లేఖ, ఐదేళ్లకోసారి జరిగే సమ్మేళనం, అందరి పేరున నిలిచే ఉమ్మడి నిధి దీని ప్రధాన సేవలు. మొత్తం మీద ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఆ నాలుగులో పెద్ద వాటా లేఖదే.

ఆ లేఖను తయారు చేసేది జీతం తీసుకునే ఉద్యోగి కాదు, మాలో ఒకరైన బ్యాచ్ కార్యదర్శి. పూర్వ విద్యార్థులను బ్యాచ్‌ల వారీగా కూర్చే పద్ధతి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1792లోనే మొదలైంది. హార్వర్డ్ బ్యాచ్‌లు ఐదేళ్లకోసారి తమ సభ్యులు స్వయంగా రాసుకున్న విశేషాలను పుస్తకంగా వేసుకుంటాయి. మా లేఖ అంత పెద్దది కాకపోయినా దాని వెనుక ఉన్న శ్రద్ధ అదే. జవాబు రాయనివారికి కార్యదర్శి ఫోన్ చేసి మాట్లాడతారు. పదోన్నతుల గురించే కాక పిల్లల పెంపకం గురించీ, జబ్బు నుంచి కోలుకోవడం గురించీ, ఉద్యోగం పోయిన తర్వాతి రోజుల గురించీ రాయమని అడుగుతారు. మరణించినవారి గురించి వారితో ఒకే గదిలో ఉన్నవారి చేతనో, ఒకే ప్రయోగశాలలో పనిచేసినవారి చేతనో రాయిస్తారు. వాట్సాప్ గ్రూపులో ఇదే సమాచారం వచ్చినా, నాలుగు రోజుల్లో శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. పదేళ్ల కిందటి లేఖ తీసి చదివితే మాత్రం ఒక తరం ఎలా బతికిందో వరుసగా తెలుస్తుంది. నా దృష్టిలో ఒక బ్యాచ్ వదిలి వెళ్లగల ఉమ్మడి వారసత్వంలో మొదటిది ఈ రికార్డే.

డైరెక్టరీ ఆ స్థాయిలో లేదు. ఊరు, వృత్తి ఆధారంగా వెతికే వీలు బాగానే పనిచేస్తుంది కానీ, చాలామంది చిరునామాలు చదువు ముగిసిన నాటివే. వివాహం తర్వాత ఇంటిపేరు మారిన సహాధ్యాయినులు పాత పేరుతో వెతికితే దొరకరు. రెండు పేర్లనూ నమోదు చేసే సదుపాయం కల్పించడం కష్టమైన పనేమీ కాదు. ఫోన్ నంబరు ఎవరికి కనిపించాలో సభ్యులే నిర్ణయించుకునే ఏర్పాటు లేకపోవడం వల్ల కొందరు వివరాలే ఇవ్వడం మానేశారు. వీటన్నిటికంటే నన్ను బాధించేది, మాతో పాటే చేరి ఇంటి పరిస్థితుల వల్ల మధ్యలో చదువు ఆపేసినవారి పేర్లు అందులో అసలే లేకపోవడం. అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాలు పట్టా పొందకుండా వెళ్లిపోయినవారిని కూడా చేరిన బ్యాచ్ సభ్యులుగానే లెక్కిస్తాయి. అలా లెక్కించడమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఉమ్మడి నిధి. విద్యాసంస్థ కష్టకాలంలో పూర్వ విద్యార్థులు అండగా నిలవడం కొత్త విషయం కాదు. 1821లో అమెరికాలోని విలియమ్స్ కళాశాల అధ్యక్షుడు కొందరు విద్యార్థులతో సహా వెళ్లిపోయి ఆమ్‌హర్స్ట్‌లో మరో కళాశాల పెట్టినప్పుడు, పాత కళాశాలను నిలబెట్టుకోవడానికి దాని పూర్వ విద్యార్థులు సంఘంగా ఏర్పడ్డారు. ఏటా విరాళాలు సేకరించే నిధిని యేల్ 1890లో ప్రారంభించింది. మన దేశంలో బొంబాయి ఐఐటీ 1998 బ్యాచ్ తమ రజతోత్సవ సందర్భంగా 57 కోట్ల రూపాయలు ప్రకటించింది. అయితే నాకు వీటన్నిటికంటే ఆదర్శంగా కనిపించేది అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు 1955 బ్యాచ్ చేసిన పని. వారు 1989లో, యువ పట్టభద్రులను ప్రజాహిత సంస్థల్లో పనికి పంపే ఒక కార్యక్రమాన్ని స్థాపించారు. డబ్బు ఇవ్వలేనివారు కూడా సమయాన్నీ పరిచయాలనూ ఇవ్వగలిగే వారసత్వం అది.

మా నిధి విషయంలో అసలు మొత్తాన్ని ముట్టకుండా దానిపై వచ్చే ఆదాయంతోనే స్కాలర్‌షిప్పులు ఇవ్వడం, ఏటా లెక్కలు పంపడం, సాయం అందుకున్న విద్యార్థుల ఉత్తరాలను వారి పేర్లు బయటపెట్టకుండా మాకు చేరవేయడం ఎంతో మెచ్చుకోదగినవి. కానీ నిధిని దేనికి వాడాలో పెద్ద మొత్తాలు ఇచ్చిన కొద్దిమంది ముందే తేల్చుకుని, ఆ తర్వాత మిగతావారికి తెలియజేశారు. దాతల పట్టికను కూడా మొత్తాల వరుసలో ప్రచురించడం వల్ల చిన్న విరాళం ఇచ్చినవారి పేర్లు చివరికి పోయాయి, ఆ మరుసటి ఏడు వారిలో కొందరు ఇవ్వనేలేదు. ఎంత పోగైందన్న దానితో పాటు ఎంతమంది ఇచ్చారన్నది కూడా ప్రకటించి, పేర్లను అక్షరక్రమంలో వేస్తే ఈ దూరం చాలావరకు తగ్గుతుంది.

సమ్మేళనం ఏర్పాట్లలో లోపం చెప్పడానికి లేదు. ఉపన్యాసాల సమయం తగ్గించి మాట్లాడుకునే సమయం పెంచితే ఇంకా బాగుంటుంది.

కొత్తగా చేరాలనుకునేవారు ముందుగా డైరెక్టరీలో తమ వివరాలు సరిచేసుకుని, ఈ ఏటి లేఖకు ఒక్క పేరా అయినా రాసి పంపాలని కోరుతున్నాను. విరాళం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. సంఘం వెంటనే చేయవలసిన పని వేరే ఉంది: ఇన్నేళ్ల లేఖల మూల ప్రతులన్నీ ఒక్క కార్యదర్శి సొంత కంప్యూటరులోనే ఉన్నాయి, కాబట్టి ఒక ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించి, ఆయనకు తోడుగా ఒక సహాయ కార్యదర్శిని వచ్చే సమ్మేళనం లోపే ఎన్నుకోవాలి.