మనసు లోపలి నవలలు నాలుగు: మొదట ఏది చదవాలి?

మనస్తత్వ నవల అనగానే తెలుగు పాఠకుల నోట వరసగా వచ్చే పేర్లు నాలుగు: గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’. మొదటి రెండూ 1940ల నాటివి. మూడోది 1950ల మొదట్లో వచ్చింది, నాలుగోది 1969లో. కొత్తగా నవలలు మొదలుపెట్టేవాళ్లు సలహా అడిగితే చాలామంది ‘చివరకు మిగిలేది’ చేతిలో పెడతారు. ఈ నాలుగింటిలో అదే గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. అయినా మొదట చదవాల్సింది మాత్రం ‘అల్పజీవి’. ఎందుకంటే ఈ తరహా నవలను ఎలా చదవాలో పాఠకుడికి చదివిస్తూనే నేర్పే పుస్తకం ఈ నాలుగింటిలో అదొక్కటే.

నాలుగింటిలోనూ నాయకుడు మగవాడే, నలుగురూ అనుకున్నది చేయలేనివాళ్లే. అందుకే వీటిని ఒకే గాటన కట్టేస్తుంటారు. వీళ్ల మధ్య తేడా తెలియాలంటే నాకు తెలిసిన మంచి ఉపాయం ఒకటుంది: డబ్బు దగ్గర ఎవరు ఎలా ప్రవర్తిస్తారో చూడటం. గోపీచంద్ నాయకుడు సీతారామారావు వంశ ప్రతిష్ఠ కోసం ఉన్న ఆస్తిని చేజేతులా కరగబెట్టుకుంటాడు. రావిశాస్త్రి నాయకుడు సుబ్బయ్య, బావమరిది ఒత్తిడికి లొంగి, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకుని, ఆ తర్వాత ప్రతి క్షణం దాని బరువు కింద నలుగుతాడు. బుచ్చిబాబు దయానిధికి వజ్రం దొరుకుతుంది, దాంతో ఆసుపత్రి కట్టిస్తాడు, అయినా జనం అతణ్ని తమవాడనుకోరు. నవీన్ రవి పేద రైతు కుటుంబం నుంచి యూనివర్సిటీకి వచ్చిన కుర్రవాడు, జేబులో డబ్బు లేకపోవడమే అతని ఆలోచనలన్నింటికీ అడుగున ఉన్న బాధ. డబ్బు ఒకడికి పరువు, ఒకడికి భయం, ఒకడికి అనుకోని వరం, ఒకడికి లోటు. ఈ నవలలు మనసు గురించి మాత్రమే అనుకుని చదివేవాళ్లు ఈ సంగతిని దాటిపోతారు. అప్పుడు నలుగురి బాధా ఒకేలా కనిపించి విసుగు పుడుతుంది.

ఇక ‘అల్పజీవి’ సంగతి. సుబ్బయ్య ఆఫీసులో గుమాస్తా. పై అధికారి, తోటి ఉద్యోగి, భార్య సావిత్రి, బావమరిది వెంకట్రావు, చివరికి వీధిలో ఎదురయ్యే మనిషి అన్నా అతనికి జంకే. కథలో పెద్ద మలుపులేమీ లేవు. ఉన్న తాడు ఒకటే: తీసుకున్న డబ్బు. ఆ ఒక్క తాడు గట్టిగా ఉండబట్టే రచయిత కథను వదిలి సుబ్బయ్య తలలోకి ఎంత దూరం వెళ్లినా పాఠకుడు తప్పిపోడు. ‘చివరకు మిగిలేది’లోనూ ‘అంపశయ్య’లోనూ మొదటిసారి చదివేవాళ్లు దారితప్పేది సరిగ్గా ఇక్కడే. ఆలోచన ఎక్కడ మొదలైందో, దేని దగ్గరికి తిరిగి రావాలో వాళ్లకు తెలియదు.

ఇందులో వాక్యం నడిచే తీరు గమనించదగ్గది. కథనం ‘అతను’ అనే ప్రథమ పురుషలోనే సాగుతుంది, కానీ నాలుగు వాక్యాలు గడిచేసరికి అది రచయిత గొంతో సుబ్బయ్య గొంతో చెప్పలేం. భయం పెరిగేకొద్దీ అదే మాట మళ్లీ వస్తుంది, కొంచెం మారి మళ్లీ వస్తుంది. ఉపమ మీద ఉపమ పడుతుంది. తొందరగా చదివేవాళ్లు దీన్ని సాగదీత అంటారు. అది సాగదీత కాదు. భయపడిన మనిషి ఆలోచన నిజంగా అలాగే తిరుగుతుంది, తిరిగిన చోటే తిరుగుతుంది. అలాంటి చోట ఒక పేజీ పైకి చదివి చూడండి. కంటికి పునరుక్తిగా తోచింది చెవికి లయగా వినిపిస్తుంది. సంభాషణల్లో ఉత్తరాంధ్ర పలుకుబడి ఉంటుంది కనుక పైకి చదవడం వల్ల అదీ కలిసొస్తుంది. పుస్తకం చిన్నదే. రెండు మూడు విడతల్లో ముగించడం మంచిది. రోజుకు పది పేజీల చొప్పున చదివితే భయం పేరుకోదు, పేరుకోని భయంతో ఈ నవలకు పనిలేదు.

లోపం లేదా అంటే ఉంది. సావిత్రి మనసులో ఏముందో మనకు దాదాపు తెలియదు. సుబ్బయ్య కళ్లతోనే అందరినీ చూపిస్తానన్న నియమం రచయిత పెట్టుకున్నాడు కనుక ఇది తప్పనిసరి కావచ్చు. అయినా ఆ ఇంట్లో ఆమె వైపు నుంచి ఒక్క అధ్యాయం ఉంటే బాగుండేదనిపిస్తుంది.

‘అసమర్థుని జీవయాత్ర’ రెండోది కావాలి. తెలుగులో మొదటి మనస్తత్వ నవలగా దీన్నే లెక్కిస్తారు. గోపీచంద్ న్యాయశాస్త్రం చదివినవాడు, హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి కొడుకు. వాదం ఆయన రక్తంలో ఉంది. సీతారామారావు ఏ తప్పు చేసినా ముందు దానికొక తర్కం కట్టుకుంటాడు, ఆ తర్కం కూలగానే ఇంకొకటి కడతాడు. ఈ పని గోపీచంద్ చేసినంత నిర్దాక్షిణ్యంగా మరెవరూ చేయలేదు. కానీ రావిశాస్త్రి మనకు మనసును వినిపిస్తే, గోపీచంద్ దాన్ని కోసి చూపిస్తాడు. చాలాచోట్ల రచయితే పక్కన నిలబడి, ఇతను ఇలా ఎందుకు చేశాడంటే, అని వివరిస్తాడు. రామయ్య తాత మాటలు కొన్ని వ్యాసాల్లా సాగుతాయి. దీన్నే ముందు చదివితే మనస్తత్వ నవల అంటే పాత్రకు రచయిత రాసే రోగ నిర్ధారణ పత్రమనే అభిప్రాయం పడిపోయే ప్రమాదం ఉంది. ‘అల్పజీవి’ తర్వాత చదివితే ఆ వివరణే వేరే రుచి ఇస్తుంది: ఒకడు కిందినుంచి భయంతో చితికిపోయాడు, ఇంకొకడు పైనుంచి అహంతో జారాడు. శ్మశానంలో జరిగే ముగింపు మాత్రం దేనితోనూ పోల్చలేనిది. అక్కడ వివరణలన్నీ ఆగిపోతాయి. ఆ చివరి పుటలను రాత్రిపూట ఒంటరిగా చదవమనే చెబుతాను.

‘చివరకు మిగిలేది’ దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే సగంలో వదిలేసే పుస్తకాల్లో ఇది ముందుంటుంది. దానికి కారణాలు మూడు కనిపిస్తాయి.

మొదటిది, ప్రేమకథ అనుకుని చదవడం. కోమలి, అమృతం, ఇందిర, సుశీల, నాగమణి, శ్యామల, కాత్యాయని: దయానిధి జీవితంలోకి ఇంతమంది స్త్రీలు వస్తారు. వీళ్లలో ఎవరిని చేరతాడన్న ఆత్రంతో చదివితే నవల మీ చేతికి చిక్కదు. తల్లి శీలం గురించి ఊరు చెప్పుకునే మాట అతని మీద నీడలా పడి ఉంది. ప్రతి స్త్రీ దగ్గరా అతను ఎందుకు ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడన్నది ఆ నీడలోంచే చూడాలి. పుస్తకం వెనక అట్ట లోపల ఒక కాగితం పెట్టుకుని, ప్రతి పేరు పక్కన దయానిధికి ఆమె ఏమవుతుందో, మొదట ఎక్కడ కలిసిందో రాసుకోండి. పదిహేను నిమిషాల పని. సగం గందరగోళం దాంతోనే తీరుతుంది.

రెండోది, వాక్యాలు ఏరుకోవడం. బుచ్చిబాబు ప్రతి రెండో పేజీలో గీత గీసుకోదగ్గ వాక్యం రాస్తాడు. గీతలు గీస్తూ పోయేవాళ్లకు పుస్తకం సూక్తుల సంకలనంగా మిగులుతుంది, మనిషి జారిపోతాడు. మొదటిసారి పెన్సిల్ పక్కన పెట్టాలి. గీతలకు రెండోసారి ఉంది.

మూడోది, రాయలసీమ భాగం. కథ కోస్తా పల్లె వదిలి వజ్రకరూరు చేరగానే ఇదేదో వేరే నవల అనిపిస్తుంది. ఇది అతుకు అని విమర్శించినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అప్పటిదాకా ప్రకృతి అంటే తోటలు, వెన్నెల, కాలువ గట్లు. ఇక్కడ ఎండ, రాయి, నీళ్లు లేని నేల. బుచ్చిబాబు చిత్రకారుడు కూడా, అనంతపురంలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసినవాడు. ఆ నేలను చూసి రాశాడన్నది ప్రతి వర్ణనలో తెలుస్తుంది. అందమే ఆసరాగా బతికినవాణ్ని అందం లేని చోట నిలబెడితే ఏం మిగులుతుందన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. శీర్షికకు అర్థం ఆ భాగంలోనే ఉంది. ఆపేయాలనిపించేది అక్కడే కనుక, ఇంకో యాభై పేజీలు పట్టు వదలకండి.

దీన్ని ‘అల్పజీవి’లా రెండు మూడు విడతల్లో చదవకూడదు. రోజుకు ఇరవై ఐదు, ముప్ఫై పేజీలు సరైన వేగం. అంతకుమించితే వర్ణనలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లోపం చెప్పాలంటే, అమృతం ఒక్కతే నవలలో సొంత కాళ్ల మీద నిలబడిన స్త్రీ. కోమలి చివరిదాకా మనిషిగా కన్నా దయానిధి కన్న కలగానే మిగిలింది.

‘అంపశయ్య’ను నాలుగో స్థానంలో పెట్టడం దాని స్థాయి తగ్గించడానికి కాదు. పాత్ర మనసులో ఆలోచనలు పారినట్టే రాసుకుపోయే చైతన్య స్రవంతి పద్ధతిని నవల పొడవునా నడిపినది ఇదే. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్న రవి జీవితంలో ఒక్క రోజు, అంతే కథ. జేమ్స్ జాయిస్ 1922లో ‘యులిసెస్’తో చేసిన ఒక్కరోజు ప్రయోగాన్ని తెలంగాణ విద్యార్థి బతుకులోకి తేవడం చిన్న సాహసం కాదు. రచయిత పేరుకు ముందు ‘అంపశయ్య’ ఇంటిపేరులా స్థిరపడిందంటే ఆ నవల వేసిన ముద్ర ఎంతటిదో తెలుస్తుంది. ఇక్కడ కష్టం కాలంతో. హాస్టల్ గదిలో స్నేహితుడు మాట్లాడుతుండగానే రవి మనసు ఊరికి పోతుంది, చిన్ననాటికి పోతుంది, చదివిన పుస్తకంలోకి పోతుంది. ఆ మార్పుకు గుర్తేమీ ఉండదు. అలాంటప్పుడు వెనక్కి వెళ్లి వెతకొద్దు, ముందుకే చదవండి. ఎవరో పలకరిస్తారు, రవి గదిలోకి తిరిగొస్తాడు, మీరూ తిరిగొస్తారు. మార్జిన్‌లో ‘ఉదయం’, ‘క్లాసు’, ‘సాయంత్రం’ అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే చాలు. కథ ఒక్క రోజుది కాబట్టి చదవడం కూడా రెండు రోజులు దాటనీయకండి, దాటితే ఆ రోజు చెదిరిపోతుంది. సంభాషణల్లో ఇంగ్లీషు ధారాళంగా దొర్లుతుంది. కొందరికి అది చికాకు. ఆ క్యాంపస్‌లో కుర్రాళ్లు మాట్లాడే తీరు అదే కనుక నాకది సరైనదే అనిపిస్తుంది. నాకు ఇబ్బంది వేరేచోట: రవి తన మీద తాను జాలిపడటం కొన్ని పేజీల్లో మితిమీరింది. సుబ్బయ్యకు ఆ తీరిక లేదు, అందుకే అతని మీద జాలి మనకు కలుగుతుంది.

ఒక్క మగవాడి తలలో అన్ని పేజీలు ఉండటం మీకు ఊపిరాడనివ్వకపోతే, రెండోదానికీ మూడోదానికీ మధ్య డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదవండి. 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన నవల. ఇందులో రచయిత్రి ఏ ఒక్కరి మనసులోనూ కాపురం పెట్టదు. ఇందిర, కల్యాణి, వసుంధర, ప్రకాశం, కృష్ణమూర్తి అందరినీ కాస్త దూరం నుంచి, సమానంగా చూస్తుంది. ఇందిర ఉద్యోగం చేసి తండ్రి ఆనందరావును పోషిస్తుంది, కావలసింది తీసుకుంటుంది, దెబ్బ తగిలితే లేచి నడుస్తుంది. ఆ మగవాళ్ల తర్వాత ఈమెను కలిస్తే కిటికీ తెరిచినట్టుంటుంది. దీని ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. సినిమా చూశాం కదా అని నవలను వదిలేయకండి. పుస్తకంలోని ఇందిర కోసమే దీన్ని చదవాలి.

పుస్తకం ప్రతిని కొనేముందు, లేదా తెచ్చుకునేముందు, మధ్యలో రెండు పేజీలు తెరిచి చూడండి. ఈ నవలల్లో చుక్కలు, అడ్డగీతలు, పేరా విరుపులు అలంకారాలు కావు. ఆలోచన ఎక్కడ తెగిందో, ఎక్కడ అతుక్కుందో చెప్పేవి అవే. కొన్ని పునర్ముద్రణల్లో పేరాలు కలిసిపోయి ఉంటాయి. అలాంటి ప్రతిలో ‘అంపశయ్య’ అర్థం కాకపోతే తప్పు మీది కాదు. పాత ముద్రణల స్కాన్లలో ఒత్తులు, దీర్ఘాలు చెరిగిపోతాయి. కథ పట్టున నడిచే నవలైతే ఊహించుకుని చదివేయొచ్చు, బుచ్చిబాబు వాక్యాన్ని ఊహించుకుని చదవలేం.

ముందుమాటలు, విశ్లేషణ వ్యాసాలు మాత్రం చివరనే చదవండి. ముఖ్యంగా ‘చివరకు మిగిలేది’ ముందు షేక్‌స్పియర్ నాటక నాయకుడు హామ్లెట్ ప్రస్తావన ఉన్న వ్యాసం ఏది చదివినా, దయానిధిని మీ కళ్లతో చూసే అవకాశం పోతుంది. ‘అంపశయ్య’ పట్టుకుంటే రవి కథ అక్కడితో ఆగలేదు: ‘ముళ్లపొదలు’, ‘అంతస్రవంతి’ అని మరో రెండు నవలలున్నాయి, ఆ వరసలోనే చదవాలి.