ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు మేమే చేసుకున్న హీటింగ్ స్టేజ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

సోల్డర్ మిశ్రమాలు కరిగే తీరును స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలని మా ప్రయోగశాలలో నాలుగేళ్ల కిందట ఒక చిన్న హీటింగ్ స్టేజ్ (నమూనాను వేడిచేస్తూ చూసేందుకు ఉంచే పీఠం) తయారు చేసుకున్నాం. అల్యూమినా (వేడిని తట్టుకునే పింగాణీ) గొట్టం మీద కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ తీగ చుట్టి, దాన్ని చిన్న రాగి దిమ్మలో దూర్చి, దిమ్మలోనే ఉష్ణోగ్రత కొలిచే కె-రకం థర్మోకపుల్ అమర్చాం. వాక్యూమ్‌లో గాలి ఉండదు కనుక వేడి దిమ్మను నిలిపే ఆధారాల గుండా, తీగల గుండా, వికిరణం ద్వారా మాత్రమే పోతుంది; చుట్టూ రెండు పొరల మెరుపు స్టీలు రేకు కట్టాక ఆరు వాట్లతోనే 400 డిగ్రీల సెల్సియస్ అందింది.

కష్టమంతా బొమ్మను కదలకుండా నిలపడంలోనే ఉంది. మొదట దిమ్మను ఒక పక్క నుంచి పది మిల్లీమీటర్ల అల్యూమినా కడ్డీతో బిగించాం. ఆ కడ్డీ సగటున 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 16 మైక్రాన్లు సాగుతుంది. ఐదువేల రెట్ల దగ్గర మాకు కనిపించే వెడల్పే దాదాపు 25 మైక్రాన్లు కనుక, చూస్తున్న రేణువు చూస్తుండగానే అంచుకు జరిగిపోయేది. కింద సమాన దూరాల్లో మూడు సన్నని కాళ్లు పెట్టాక పక్కకు జరగడం బాగా తగ్గింది. పైకి లేచే ఆ కాస్తను ఫోకస్‌తో సరిచేసుకుంటున్నాం. ఏసీ కరెంటు ఇచ్చినన్నాళ్లు తీగ చుట్టూ మారుతుండే అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్ల పుంజాన్ని కదిపి, బొమ్మ అంచులు రంపపు పళ్లలా కనిపించేవి. తీగను మధ్యకు మడిచి జంటగా చుట్టి, డీసీ ఇచ్చాక ఆ బాధ పోయింది.

థర్మోకపుల్ మీటరు చూపే అంకెను నమ్మవద్దని గట్టిగా చెబుతాను. కరిగిన తగరం రాగికి అంటుకుపోతుంది కనుక నమూనా కింద పలుచని అల్యూమినా పలక వేశాం, దాంతో నమూనా దిమ్మ కంటే చల్లగా ఉండి, 231.9 డిగ్రీలకు కరగవలసిన తగరం మా మీటరు 243 చూపినప్పుడు కరిగింది. కరిగిన క్షణాన్ని కనిపెట్టడం కూడా తేలిక కాదు. పైనున్న ఆక్సైడ్ పొర తగరాన్ని పట్టి ఉంచడం వల్ల రేణువు ఒక్కసారిగా చదునుకాదు. ముందు ఆ పొర మీద సన్నని ముడతలు పడతాయి, ఆ తర్వాతే ఒక పక్క మెల్లగా కుంగుతుంది. ఇప్పుడు ప్రతి ప్రయోగానికీ ముందు ఇండియంతో 156.6 దగ్గర, తగరంతో 231.9 దగ్గర సరిచూసుకుంటున్నాం.

తొలి నెలల్లో ఇత్తడి మరలు వాడటం మా పొరపాటు. వేడికి వాటిలోని జింకు ఆవిరై రేకుల మీద బూడిదరంగు పొరగా పేరుకుంది. అదే డిటెక్టర్ మీద పడి ఉంటే నష్టం చాలా పెద్దది. వెంటనే అన్నిటినీ స్టెయిన్‌లెస్ స్టీలు మరలతో మార్చాం. నమూనాను అతికించడానికి కార్బన్ టేపు కూడా పనికిరాదు, దాని జిగురు వేడికి వాయువులు వదులుతుంది. నైక్రోమ్ చుట్టను ఇప్పటికి రెండుసార్లు మార్చాం, మూడోది పద్నాలుగు నెలలుగా పనిచేస్తోంది.