నాలుగో వేలి మంట: షూ మార్చాలా, సూది వేయించుకోవాలా, కోయించుకోవాలా?

నెల్లూరు దగ్గర మైపాడు రోడ్డులో రొయ్యల గుంటల పక్కన ఒక కల్వర్టు గట్టు ఉంది. పోయిన ఏడాది మూడు నెలల పాటు ప్రతి ఆదివారం మారథాన్ కోసం పరిగెత్తే నా లాంగ్ రన్ అక్కడ ఆగిపోయేది. పధ్నాలుగో కిలోమీటరు దాటేసరికి కుడికాలు మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య, కింద, మొదట సాక్స్ ముడతపడినట్టుండేది, కాసేపటికి గులకరాయి దూరినట్టు, ఆ తర్వాత నిప్పు మీద కాలు పెట్టినట్టు. గట్టు మీద కూలబడి షూ విప్పి దులిపితే ముడతా లేదు, రాయీ లేదు. వేళ్లు పిసుక్కుంటే రెండు నిమిషాల్లో అంతా మాయం. గుంట కాపలా పెద్దాయన నన్ను చూసి "ఏంది సామీ, మళ్లీ రాయేనా?" అనేవాడు.

ఆ రాయి పేరు మోర్టన్స్ న్యూరోమా. ఫిలడెల్ఫియా సర్జన్ థామస్ మోర్టన్ 1876లో దీని గురించి రాశాడు కాబట్టి ఆయన పేరు నిలిచిపోయింది. అంతకు 31 ఏళ్ల ముందే, 1845లో, విక్టోరియా రాణి పాదాల బాగోగులు చూసే లూయిస్ డర్లాకర్ ఇదే బాధను వర్ణించాడు, పాపం ఆయన్ని ఎవరూ తలుచుకోరు. న్యూరోమా అంటే గడ్డ, గడ్డంటే ఇంకేదో అని మా ఇంట్లో ఒక రాత్రంతా టెన్షన్ పడ్డారు గానీ ఇది కణితి కాదు. వేళ్ల మొదట్లో ఎముకల బుడిపెలుంటాయి కదా, వాటి మధ్య నుంచి వేళ్లలోకి పోయే సన్నటి నరం నలిగీ నలిగీ దాని చుట్టూ పీచులాగా మందం కడుతుంది. ఇరుకు షూ పక్కల నుంచి నొక్కుతుంది, మడమ లేచి వేళ్లు వంగిన ప్రతిసారీ కింద నుంచి ఇంకో నొక్కుడు. నిమిషానికి 165 అడుగుల లెక్కన గంట పరిగెడితే ఒక్కో కాలికి దాదాపు 5,000 సార్లు. ఆఫీసుకు చెప్పులేసుకుని పోయే మనిషికి ఏళ్ల తరబడి తెలియని నరం మనకు ఒక్క సీజన్‌లో తెలిసిపోయేది ఇందుకే.

అరికాలు మండిందల్లా ఇదే అనుకోవద్దు, ఈ ఒక్క ముక్క జాగ్రత్తగా చదవండి. రెండు కాళ్లూ సమానంగా, అదీ రాత్రి పడుకున్నాక మండుతుంటే ముందు షుగర్ టెస్టు, విటమిన్ బీ12 టెస్టు చేయించుకోండి, ముఖ్యంగా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకునేవాళ్లూ పూర్తి శాకాహారులూ. మంట చీలమండ లోపలి వైపు నుంచి మడమకీ అరికాలికీ పాకుతుంటే అది వేరే నరం, టార్సల్ టన్నెల్ అంటారు. పాదం పైన వాచి, ఎముక మీద ఒక్క చోట వేలు పెడితే ప్రాణం పోతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక కావచ్చు, ఆ కాలితో పరిగెడితే ఎముక కాస్తా పూర్తిగా విరుగుతుంది. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే సిగ్గుపడకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి, కుష్టు కూడా పాదాల నరాలనే పట్టుకుంటుంది, మందులు ఉచితం, నయమవుతుంది. నేను చెప్పేదంతా ఒక కాలికి, షూలో ఉన్నప్పుడు వచ్చి షూ విప్పగానే పోయే మంట గురించే. డాక్టర్ పాదాన్ని రెండు పక్కల నుంచీ పిండి, వేళ్ల మధ్య కింద బొటనవేలితో నొక్కినప్పుడు 'టక్' మని చిన్న చప్పుడుతో పాటు మీ మంట మీకు తగిలితే దాదాపు అదే. అనుమానముంటే అల్ట్రాసౌండ్ సరిపోతుంది. ఎమ్మారైలో నొప్పే లేనివాళ్లకు కూడా ఇలాంటి ఉబ్బు కనిపిస్తుంది, కాబట్టి రిపోర్టు ఒక్కటే చూసి భయపడొద్దు.

ఇక ఏది మేలు? నా మాట ముందే చెప్పేస్తా: ముందు షూ, అందులో అంటించే ప్యాడు. దానికి కనీసం మూడు నెలలివ్వకుండా సూది దాకా పోవద్దు, సూది దాటకుండా కత్తి దాకా పోవద్దు. చవక అని కాదు నేనలా అంటోంది. షూ నచ్చకపోతే వెనక్కి రావచ్చు, వేయించుకున్న సూదిని వెనక్కి తీసుకోలేం, కోసేసిన నరాన్ని అసలే తీసుకోలేం.

షూ సంగతి. నేను పదేళ్లుగా 9 సైజు వాడుతున్నా, అదే నా సైజనుకున్నా. ఒకరోజు సాయంత్రం తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసి, షూ లోపల అడుగున ఉండే ఇన్‌సోల్ పీకి దాని మీద పెట్టాను. చిటికెన వేలి వైపు గీత అర అంగుళం దాకా బయటే ఉంది! అంటే పదేళ్లుగా ఆ అర అంగుళం కాలుని షూ లోపలికి కుక్కుతున్నానన్న మాట. సైజు పెంచితే పొడవు పెరుగుతుంది గానీ ముందు వెడల్పు రావాల్సినంత రాదు, కాబట్టి అదే సైజులో వైడ్ అని రాసి ఉన్నవి, లేదా వేళ్ల దగ్గర గుండ్రంగా విశాలంగా ఉండే మోడల్ చూడాలి. కొనేది సాయంత్రం పూట, పరిగెత్తే సాక్స్‌తోనే. మన ఎండల్లో రెండు గంటలు పరిగెడితే పాదం ఉబ్బుతుంది, పొద్దున ఏసీ షాపులో సరిపోయిన షూ మైపాడు రోడ్డులో సరిపోదు. కొత్తవి కొనే ముందు ఒక పైసా ఖర్చు లేని పని కూడా ఉంది. వేళ్లకు దగ్గరగా ఉండే మొదటి రెండు జతల కన్నాల్లో లేసు ఎక్కించకుండా వదిలేసి పైనుంచి కట్టండి. నాకు ఆ ఒక్క దాంతోనే పధ్నాలుగు కిలోమీటర్లు కాస్తా పద్దెనిమిది అయ్యాయి.

ప్యాడు దగ్గరే అందరూ తప్పు చేస్తారు, నాకు షాపులో అంటించిచ్చినతను కూడా చేశాడు. మెటటార్సల్ ప్యాడ్ అంటే నీటిబొట్టు ఆకారంలో ఉండే చిన్న దిండు. నొప్పి ఉన్న చోట కింద మెత్తగా పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, అతనికీ అనిపించింది, సరిగ్గా నరం కింద అంటించాడు. మర్నాడు నాలుగు కిలోమీటర్లకే ఏడుపొచ్చింది. అది నొప్పికి వెనక, అంటే మడమ వైపు ఉండాలి, ఎముక బుడిపెల కింద కాదు, వాటికి కాస్త వెనక. అప్పుడది ఎముకలను పైకి లేపి విడదీస్తుంది, నరానికి చోటు దొరుకుతుంది. ఎక్కడో కచ్చితంగా తెలియాలంటే మా ఆవిడ చెప్పిన చిట్కా: నొప్పి ఉన్న చోట తడి కుంకుమ బొట్టు పెట్టుకుని, ఉత్త కాలితో షూలో నిలబడి, కాలు తీస్తే ఇన్‌సోల్ మీద ఎర్రమచ్చ పడుతుంది. ప్యాడు ముందంచు ఆ మచ్చకు వెనక ఆగేలా అంటించాలి. మొదట్లో ఏదో ముద్ద తొక్కినట్టుంటుంది, ఇంట్లో రెండు మూడు రోజులు నడిచి అలవాటయ్యాకే పరుగు. వారమైనా ముద్ద లాగే ఉంటే రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరపండి. నేను నాలుగుసార్లు పీకి అంటించాను. జత ఖరీదు మూడొందల లోపే.

దీనితో పాటు కొండ మానేశాను. నరసింహకొండ ఎక్కడం నాకు ఇష్టం, కానీ ఎగువకు పరిగెత్తినప్పుడు బరువంతా వేళ్ల మొదట్లోనే పడుతుంది. మునివేళ్ల మీద పరిగెత్తడం ఫ్యాషనై కొందరు బలవంతంగా అలవాటు చేసుకుంటున్నారు, ఈ నరం ఉన్నవాళ్లకు అది వద్దే వద్దు. మైపాడు ఇసుకలో ఉత్తకాళ్ల పరుగు మాత్రం తేల్చలేని వ్యవహారం: ఇరుకు ఉండదు కాబట్టి నాకు హాయిగానే ఉంటుంది, కానీ మెత్తటి ఇసుకలో వేళ్లు బాగా వంగుతాయి, ఇరవై నిమిషాలు దాటితే సాయంత్రానికి సలుపు.

సూది విషయానికొస్తే, మా పరుగు గుంపులో ఒకన్న స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాడు. పాదం పైనుంచి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, నరం పక్కన వేస్తారు. మూడో రోజుకి "ఇన్నాళ్లూ దీనికేనంట్రా ఏడ్చింది" అన్నాడు. ఐదో నెలలో మళ్లీ మొదలైంది. చాలామందికి ఇలాగే కొన్ని నెలలు పని చేస్తుంది, కొందరికి అంతటితో పోతుంది కూడా, ముఖ్యంగా మందం చిన్నగా ఉన్నప్పుడు. కానీ ఆయన పాత ఇరుకు షూలోనే మళ్లీ దూరాడు, అది సూది తప్పు కాదు. పదే పదే వేయిస్తే అరికాలి కింద కొవ్వు మెత్త కరిగి పలచబడే ప్రమాదముంది, సూది వేసిన చోట చర్మం తెల్లబడవచ్చు. మామూలు మనిషికి ఆ కొవ్వు పోతే ఇబ్బంది, మారథాన్ పరిగెత్తేవాడికి అది పాదానికున్న షాక్ అబ్జార్బర్ పోవడమే. షుగర్ ఉన్నవాళ్లకు వేశాక కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది, ముందే డాక్టర్‌కి చెప్పాలి. రేసు ఇంక పది రోజులుందనగా వేయించుకోవాలనుకోవడం మాత్రం పిచ్చిపని, నొప్పి తెలియకుండా 42 కిలోమీటర్లు ఆ నరాన్ని తొక్కుతారు.

కోత సంగతి మా గుంపులో అక్క ఒకామెకు తెలుసు. ఆడవాళ్లకు ఇది ఎక్కువ, మునుపు వాడిన మొన చెప్పుల పాపమని ఆమే అంటుంది. షూ, ప్యాడు, రెండు సూదులు అన్నీ అయ్యాక నరం తీయించుకుంది. సాధారణంగా పాదం పైభాగాన కోస్తారు, కింద కోస్తే కుట్ల మచ్చ మీదే నడవాలి కాబట్టి. ఎక్కువమందికి మంట పోతుంది, ఆమెకూ పోయింది. బదులుగా ఆ రెండు వేళ్ల మధ్య స్పర్శ శాశ్వతంగా పోయింది, చీమ కుట్టినా తెలియదంటుంది. నెలన్నర నడకే, మూడో నెలలో గానీ జాగింగ్ మొదలుకాలేదు. కొందరికి కోసిన కొస దగ్గర మళ్లీ బుడిపె కట్టి మొదటి కన్నా ఎక్కువ బాధ పెడుతుంది, దానికి రెండో ఆపరేషన్ కష్టమైన పని. అయినా ఆమె "రెండేళ్లు ముందే చేయించుకోవాల్సింది" అంటుంది. ఆమె మాటకు నేను అడ్డు చెప్పలేను, ఆఖరికి ఇంట్లో చెప్పుల్లో కూడా నడవలేని స్థితికి వచ్చింది. నాది అక్కడి దాకా పోలేదు.

షూ, సూది, కోత, ఈ మూడింటికీ మాత్రలు సాటి రావు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి నరాల మంటకు రాస్తారు, షుగర్ నరాలకు పనికొస్తాయి, కానీ ఇక్కడ నలిగే నరం నలుగుతూనే ఉంటుంది, పైగా మత్తు, తూలుడు. పెయిన్ కిల్లర్ మింగి లాంగ్ రన్‌కి దిగడం మన ఎండల్లో కిడ్నీలతో చెలగాటం. అమ్మ చెప్పే ఉప్పు వేణ్నీళ్లు హాయిగా ఉంటాయి, అంతే. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లు అదీ చేయొద్దు, కాలేదాకా తెలియదు. సైకిల్‌కి మారదామనుకుంటే మారండి, కాకపోతే పెడల్‌కి తగులుకునే క్లీట్ ఉన్న షూ ఇరుకైతే అదే నరం అక్కడా అరుస్తుంది, క్లీట్ మడమ వైపుకు జరిపించుకోవాలి.

ఇప్పుడు నా పరిస్థితి: వెడల్పు షూ, ఎర్రమచ్చ వెనక ప్యాడు, లేసు సగం. కల్వర్టు దగ్గర ఆగడం లేదు, బీచి దాకా పోయి వెనక్కి మళ్లుతున్నా. ఇరవయ్యారు కిలోమీటర్ల దగ్గర ఆ సాక్స్ ముడత మాత్రం పలకరిస్తుంది, ఆగి లేసు వదులు చేస్తే పోతుంది. జనవరిలో చెన్నై ఫుల్ మారథాన్‌కి పేరిచ్చాను. డిసెంబరులో 32 కిలోమీటర్ల రన్ ఒకటి ఉంది, అందులో ముడత కాస్తా నిప్పయితే ఫుల్ వదిలేసి హాఫ్ పరిగెడతా, సూది సంగతి సంక్రాంతి వెళ్లాక.